ఫొటో కింద పేరు ఉండాలి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో, నందికొట్కూరులో చేసిన ప్రసంగ పాఠం)

కెమెరాలు మెడలో వేసుకుని ముందు వరుసలో నిలబడిన తమ్ముళ్ళూ, ఈరోజు మేము మాట్లాడేది మీతోనే. మీ కెమెరా ముందు నిలబడే వాళ్ళతో కూడా.

ఆగస్టు నెలలో మనకు రెండు రోజులు దగ్గర దగ్గరగా వస్తాయి. 9వ తేదీ ఆదివాసీ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 1994లో ఈ తేదీని ప్రకటించింది. 19వ తేదీ ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో అదే రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం ఫొటో తీసే పద్ధతిని ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేసింది. ఈ రెండు రోజుల మధ్య పది రోజులే తేడా. కానీ ఆదివాసీకీ కెమెరాకీ మధ్య ఉన్న లెక్క నూట యాభై ఏళ్ళకు పైబడినది. ఆ లెక్క కొంచెం సరిచేసుకోవాలనే ఈ అంశం ఎంచుకున్నాం.

పాత బొమ్మల సంగతి

1868 నుంచి 1875 వరకు లండన్‌లో ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలు అచ్చయ్యాయి. ఈ దేశంలోని కులాల వాళ్ళను, తెగల వాళ్ళను ఫొటోలు తీసి అంటించిన పుస్తకాలవి. పాలించే వాళ్ళు పాలితులను గుర్తుపట్టడానికి చేసుకున్న పట్టిక అనుకోవచ్చు. తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్, రంగాచారి గారి సాయంతో 1909లో దక్షిణాది కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. తలలు, ముక్కులు కొలిచి మనుషులను లెక్క రాసుకున్న కాలం అది. చెంచులు, లంబాడీలు, ఎరుకలవాళ్ళు, యానాదులు అందరి గురించీ అందులో ఉంది. ఆ సంపుటాలు తిరగేస్తే ఒక విషయం కనిపిస్తుంది. చాలా బొమ్మల కింద తెగ పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు.

అదే కాలంలో ఎరుకలవాళ్ళను నేరస్త జాతుల చట్టం కింద పెట్టారు. 1871లో పుట్టిన ఆ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. వేలిముద్రలు, హాజరు, సెటిల్మెంట్లు. మన ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలోనూ అలాంటి సెటిల్మెంటు ఉండేది. 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయినా, పేరూ ఊరూ రాసుకుని ఎవరైనా ముఖం వంక తేరిపార చూస్తే జంకే అలవాటు మన పెద్దల్లో చాలాకాలం ఉండిపోయింది. ఇప్పటికీ ఒక ముసలాయన కెమెరా చూసి ముఖం తిప్పుకుంటే “వీళ్ళకు తెలీదు, మూఢనమ్మకం” అనకండి తమ్ముళ్ళూ. తెలిసే తిప్పుకుంటున్నాడేమో.

మరో రకం కూడా ఉంది. కృష్ణకు అవతలి గట్టున, అమ్రాబాద్ వైపు చెంచుల మధ్య హైమెండార్ఫ్ అనే ఆయన, భార్య బెట్టీతో కలిసి ఉండి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోవాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మన తాతముత్తాతల ముఖాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి, మన ఇళ్ళల్లో మాత్రం లేవు. ఈ మాట కోపంతో అనడం లేదు. ఇప్పుడు మన చేతుల్లోనే ఫోన్లు ఉన్నాయి కాబట్టి, ఇకముందు ఇలా జరగకూడదని అంటున్నాం.

అమెరికా కథ ఒకటి చెప్పి ముందుకు పోతాం. 1936లో డొరోథియా లాంగ్ అనే ఆమె కాలిఫోర్నియాలో కూలి పనికి వచ్చిన ఒక తల్లిని, పిల్లలతో సహా ఫొటో తీసింది. ప్రపంచంలో ఎక్కువమంది చూసిన బొమ్మల్లో అదొకటి. ఆ తల్లి పేరు అడగలేదని లాంగే తర్వాత రాసుకుంది. 1978లో గానీ ఆమె ఎవరో లోకానికి తెలియలేదు. పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆమె చెరోకీ తెగ ఆడపడుచు. అంటే మనలాంటి ఆదివాసీయే. నలభై రెండేళ్ళు లోకమంతా ఆమె ముఖం చూసింది, పేరు మాత్రం ఎవరికీ తెలియదు. ఆ బొమ్మ వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె బాధపడింది.

కాబట్టి ఫొటోగ్రాఫర్లకు మేము చెప్పే మొదటి సలహా లెన్సు గురించి కాదు. నోటుబుక్కు గురించి. పేరు, ఊరు, తేదీ. ఆ మనిషి ఎట్లా పలుకుతారో అట్లాగే పేరు రాసుకోండి. ‘చెంచు వృద్ధుడు’, ‘లంబాడీ వనిత’ అని రాయకండి. పేరు వేయొద్దని వాళ్ళే అంటే సరే, వేయొద్దు. అడగకపోవడం మాత్రం కుదరదు.

తీసే ముందు

గూడేనికి పోగానే కెమెరా బయటికి తీయకండి. ముందు కూర్చోండి. మంచినీళ్ళిస్తే తాగండి. పెద్దమనిషితో మాట్లాడండి. ఎందుకు తీస్తున్నారు, ఎక్కడ వేస్తారు, ఎంతమంది చూస్తారు, డబ్బులు వస్తాయా రావా, ఈ నాలుగూ చెప్పండి. తెలుగు సరిగా రాని సుగాలీ అవ్వకు గోర్ బోలీలో చెప్పించండి. “సరే సార్” అని తల ఊపితే అది ఒప్పుకోలు కాకపోవచ్చు. మనవాళ్ళు ప్యాంటు వేసుకున్న ప్రతి ఒక్కరికీ తల ఊపుతారు. ఆఫీసరేమో, రేషన్ ఆగిపోతుందేమో అని భయం. అందుకే “వద్దన్నా ఏం కాదవ్వా, మేము పోయి ఇంకో దినం వస్తాం” అని మీరే ముందు చెప్పండి. వద్దనే దారి చూపించాకే ‘సరే’కు విలువ.

బైర్లూటి, నాగలూటి వైపు అడవి చూడటానికి జనం వస్తున్నారు. వచ్చినవాళ్ళు చెంచు మనిషి కనపడగానే “విల్లు పట్టుకో, చొక్కా తీసేయ్” అంటుంటారు. ఆ మనిషి పొద్దున ఉపాధి పనికి పోయొచ్చి ఉంటాడు, కొడుకు డిగ్రీ చదువుతుంటాడు. అయినా ఫొటోలో మాత్రం వెయ్యేళ్ళ నాటి వాడిలా కనబడాలి! విల్లు ఆయనది, ఆయన పట్టుకుంటానంటే గర్వంగా తీయండి. చొక్కా కూడా ఆయనదే. అండమాన్‌లో జరావాలను తిండి ఆశ చూపి ఆడించిన వీడియో 2012లో బయటికి వచ్చినప్పుడు దేశమంతా తలదించుకుంది. అక్కడ వాళ్ళను ఫొటో తీయడం చట్టరీత్యా నిషేధం. మన దగ్గర అలాంటి నిషేధం లేదు. లేదు కాబట్టే మనకు మర్యాద ఉండాలి.

నగల విషయం కూడా అడిగి తెలుసుకోండి. పేటియా, కాంచళి, టుక్రీ, గుగ్రీలు, బలియాలు చూడటానికి అన్నీ అందంగానే ఉంటాయి. కానీ వాటిలో కొన్ని పెళ్ళైన వాళ్ళవి, భర్త పోతే తీసేస్తారు. ఫొటో నిండుగా ఉంటుందని ఒక ముసలావిడ చేత పక్కింటి నగలు పెట్టిస్తే, ఆమె మనసు ఎంత కలత పడుతుందో మీ ఫొటోలో కనబడదు. ఉన్నది ఉన్నట్టుగా తీయండి. అద్దె బట్టలు వద్దు.

వెలుతురు, రంగు

ఇప్పుడు పని విషయాలకు వద్దాం. మాకు స్టూడియో లేదు. కానీ ప్రతి జూన్‌లో దరఖాస్తుల కోసం, ప్రతి పండగకు జ్ఞాపకాల కోసం హాస్టల్లో పిల్లల ఫొటోలు తీయించడం మా పని. దగ్గరుండి చూసి నేర్చుకున్నవే చెబుతున్నాం.

మన నందికొట్కూరు ఎండ సంగతి మీకు తెలుసు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి వరకు నడినెత్తిన ఉండే ఎండలో ఎవరినీ నిలబెట్టకండి. కళ్ళ కింద గుంతలు నల్లగా పడతాయి, మనిషి కళ్ళు చిట్లిస్తాడు, కోపంగా ఉన్నట్టు కనబడతాడు. వేపచెట్టు నీడకు పొండి, కానీ ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు ముఖం మీద లేకుండా చూసుకోండి. అన్నిటికన్నా మేలైనది వసారా. మనిషిని నీడలోనే, వాకిలి వైపు ముఖం పెట్టి, గడపకు ఒక బారెడు లోపల కూర్చోబెట్టండి. ముందు బేతంచెర్ల బండలు పరిచి ఉంటే ఇంకా మంచిది. నేల నుంచి లేచే వెలుతురు గడ్డం కింద నీడను తీసేస్తుంది. బండలు లేకపోతే తెల్ల పంచె పరవండి, లేదా పాత ఫ్లెక్సీ తిరగేసి తెల్లవైపు పైకి పెట్టండి. కంట్లో ఒక చిన్న మెరుపు చుక్క కనబడిందా, వెలుతురు సరిగ్గా ఉన్నట్టే.

చుట్టూ ఉన్న రంగు ముఖం మీద పడుతుంది. నీలం పట్ట కింద తీస్తే మనిషి జబ్బుపడినట్టు ఉంటాడు. పచ్చ సున్నం కొట్టిన గోడ పక్కన తీస్తే పచ్చగా వస్తాడు. ముందు గోడ చూడండి, తర్వాత మనిషిని నిలబెట్టండి.

నల్లటి ఒంటి రంగు సంగతి వివరంగా చెప్పాలి. కెమెరా తన ముందున్నదంతా కలిపి మధ్యరకం బూడిద రంగుకు తెద్దామని చూస్తుంది. తెల్లగోడ ముందు నల్లని పిల్లను నిలబెడితే, గోడ చూసి “వెలుతురు ఎక్కువైంది” అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. గోడ బూడిద రంగుకు దిగుతుంది, పిల్ల ముఖం బొగ్గవుతుంది. తప్పు పిల్లది కాదు, యంత్రానిది. ఫోన్లో అయితే వేలితో ముఖం మీద తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్ కొంచెం పెంచండి. నల్ల ముఖమే ఫ్రేము నిండా ఉంటే దీనికి తిరగబడుతుంది, అప్పుడు తగ్గించాల్సి రావచ్చు. అసలు తెల్లగోడ కంటే మట్టిగోడ, రాతిగోడ మేలు.

ఇది ఈనాటి తంటా కాదు. 1950ల నుంచి కొడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన నమూనా కార్డుల మీద తెల్ల అమ్మాయి బొమ్మే ఉండేది. వాటిని షర్లీ కార్డులనేవాళ్ళు. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు లెక్క. నల్లవాళ్ళు ఎట్లా వస్తున్నారనేది చాలాకాలం వాళ్ళ లెక్కలోనే లేదు. చాక్లెట్ల కంపెనీలు, కర్రసామాన్ల కంపెనీలు తమ సరుకు రంగులు సరిగా రావడం లేదని ఫిర్యాదు చేశాక ఫిల్ము మెరుగుపరిచారట. మనిషి రంగు కంటే బీరువా రంగుకు ముందు న్యాయం జరిగింది.

ఇప్పుడు ఫోన్లలో ‘బ్యూటీ’ అని ఒకటి ఉంటుంది. చాలా ఫోన్లలో అది ముందే ఆన్ చేసి ఉంటుంది. ఆపేయండి. ఊళ్ళో కొందరు స్టూడియో తమ్ముళ్ళు పాస్‌పోర్టు ఫొటోను కంప్యూటర్లో తెల్లగా చేసి ఇస్తున్నారు. ప్రేమతోనే చేస్తున్నారు, కాదనం. ఆ ఫొటో చేతికి తీసుకున్న పదమూడేళ్ళ పిల్ల ఏమనుకుంటుందో ఆలోచించండి. “ఈ ముఖమైతేనే బాగుంటుంది” అని ఒక పెద్దమనిషి ముద్ర వేసి ఇచ్చినట్టే కదా! పైగా ముఖం చూసి గుర్తుపట్టే యంత్రాల ముందు, హాల్ టికెట్ చూసే ఇన్విజిలేటర్ ముందు అసలు ముఖమే నిలబడాలి. 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండే ఆ చిన్న బొమ్మలో పిల్ల రంగు పిల్లకు వదిలేయండి.

అద్దాల బట్టలకు ఫ్లాష్ కొట్టకండి. ప్రతి అద్దంలోనూ ఒక చుక్క పేలుతుంది. మనిషిని అర అడుగు పక్కకు తిప్పితే అద్దాలు మెత్తగా వెలుగుతాయి. మరీ దగ్గరికొచ్చి ఫోన్ పెడితే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. రెండడుగులు వెనక్కి జరిగి, 2ఎక్స్ నొక్కి తీయండి. కెమెరాలో 50 గానీ 85 గానీ లెన్సు చాలు. పిల్లలను తీసేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చోండి. పైనుంచి తీస్తే ఎవరైనా బిచ్చమడుగుతున్నట్టే ఉంటారు.

పిల్లల విషయం

ఇక్కడ మేము కొంచెం గట్టిగా మాట్లాడతాం. నోటుబుక్కులు, దుప్పట్లు, బిస్కెట్లు ఇవ్వడానికి హాస్టళ్ళకు మంచి మనసుతో చాలామంది వస్తారు. వాళ్ళకు దండం. కానీ ఒకసారి వచ్చిన వాళ్ళు పిల్లలను వరుసగా నిలబెట్టి, ఒక్కో దుప్పటి మూడేసి సార్లు ఇచ్చి తీసుకుని, ఫొటో సరిగా వచ్చేదాకా చలిలో ఉంచారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వరుసలోంచి పక్కకు జరిగి, “నాకు దుప్పటి వద్దు మేడం, ఫొటో వద్దు” అంది. ఆ పిల్లకు దుప్పటి అవసరం లేక కాదు. తాండాలో అందరి ఫోన్లలోనూ ఆ బొమ్మ తిరుగుతుందని తెలుసు. ఆ రాత్రే మేము హాస్టల్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఇచ్చేది ముందు పిల్లల చేతికి అందాలి. ఫొటో తర్వాత, అదీ ఇష్టమున్న పిల్లలతోనే. ఫొటో దిగలేదని ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు. ఆ మాట ముందే చెబితే కొందరు రావడం మానేశారు. ఎక్కువమంది ఒప్పుకున్నారు.

చట్టం కూడా పిల్లల వైపే ఉంది. అన్యాయానికి గురైన పిల్లల పేరు, ఫొటో బయటపెట్టకూడదని 2012 నాటి పోక్సో చట్టం, 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతున్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వాళ్ళ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. పిల్లల పేరు, తరగతి, హాస్టల్ పేరు, ఫొటో నాలుగూ కలిపి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం అంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళకు చిరునామా రాసిచ్చినట్టే. “ఫొటో కింద పేరు ఉండాలి” అని ఇందాక మేమే అన్నాం కదా అంటారేమో. పిల్లల ప్రింటు వెనక పేరు రాయండి, ఇంట్లో ఉంటుంది. లోకానికి చూపించే చోట పిల్లల పేరు వద్దు.

ఆడపిల్లలకు ఆడవాళ్ళు తీస్తే కుదుటపడతారు. 1892లో రాజా దీన్ దయాళ్ పరదాలో ఉండే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేక స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళ చేతికే అప్పగించాడు. అప్పుడే అంత ఆలోచన ఉంటే ఇప్పుడు మనకేం తక్కువ? మా పెద్దపిల్లలకు ఫోన్‌తో ఫొటోలు తీయడం నేర్పుతున్నాం. ఒకరినొకరు తీసుకుంటుంటే వచ్చే నవ్వు బయటివాళ్ళు ఎవరు తీసినా రాదు.

ఫొటో దిగేవాళ్ళకు

ఇప్పుడు అవ్వలకు, తాతలకు, అక్కలకు నాలుగు మాటలు. ఫొటో దిగడం ఉపకారం అడగడం కాదు. మీరు ఇస్తున్నారు, వాళ్ళు తీసుకుంటున్నారు. అందుకని అడగండి. “ఎందుకు నాయనా? యాడ పెడతావు? మాకొక కాపీ ఇస్తావా?” ఈ మూడు ప్రశ్నలు నేర్చుకోండి. తీసింది చూపించమనండి. నచ్చకపోతే తీసేయమనండి. కళ్ళు మూసుకున్నది, పైట జారినది, నోట్లో ముద్ద ఉన్నది ఉంచొద్దని చెప్పండి.

మీరు డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, హక్కుదారు మీరే. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ఆ మాట అంటోంది. మీ పెళ్ళి ఫొటో మిమ్మల్ని అడక్కుండా ఫ్లెక్సీ మీద వేస్తే ప్రశ్నించవచ్చు.

కూర్చునేటప్పుడు బిగుసుకుపోకండి. ఊపిరి పీల్చి వదలండి. చేతులు ఏం చేయాలో తోచకపోతే రోజూ చేసే పనే పెట్టుకోండి. బుట్ట అల్లే చేతులు బుట్ట మీద, అద్దాలు కుట్టే చేతులు బట్ట మీద పెట్టండి. నవ్వు రాకపోతే నవ్వొద్దు. నవ్వని ముఖం కూడా ముఖమే.

చివరిగా అసలు సంగతి. మన ఇళ్ళల్లో ఎవరైనా పోయినప్పుడు పటం కట్టించడానికి ఫొటో కోసం వెతుకుతారు. దొరికేది ఆధార్ కార్డే. ఆ గోరంత బొమ్మను పెద్దది చేయిస్తారు. కళ్ళు సగం మూసుకుని, బెదిరిపోయి, ఆఫీసు గోడకు ఆనుకున్న ముఖం అది. మనవళ్ళు పెరిగి పెద్దయ్యాక అవ్వ అంటే ఆ బెదిరిన ముఖమే అనుకుంటారు. ఆమె పాట, ఆమె నవ్వు, తేనె పట్టు దగ్గర ఆమె ధైర్యం ఏదీ అందులో ఉండదు.

అందుకే ఫొటోగ్రాఫర్ తమ్ముళ్ళను ఒకటి కోరుతున్నాం. ఏడాదికి ఒక ఆదివారం మాకివ్వండి. నందికొట్కూరు, ఆత్మకూరు చుట్టుపక్కల ఒక్కో గూడెం, ఒక్కో తాండా. అరవై దాటిన వాళ్ళందరికీ వసారాలో, నీడలో, వాళ్ళకు నచ్చిన బట్టల్లో ఒక్కో ఫొటో. ఫోన్లో పంపడం చాలదు. ఫోన్ పగులుతుంది, సిమ్ మారుతుంది. ఆరు నాలుగు సైజులో ప్రింటు తీసి, వెనక పెన్సిల్‌తో పేరు, ఊరు, తేదీ రాసి చేతికివ్వాలి. బాల్ పెన్ వద్దు, ముందుకు అచ్చు పడుతుంది. పేర్లు రాయడానికి, ప్రింట్లు పంచడానికి మా హాస్టల్ పిల్లలు వస్తారు. ప్రింట్ల ఖర్చు ఎవరిమీదా వేయకుండా సంఘం చూసుకుంటే బాగుంటుందని పెద్దలను అడుగుతున్నాం.

భోజనాల తర్వాత వెనక బల్ల దగ్గర ఒక రిజిస్టరు పెట్టి ఉంటాం. తీయగలిగిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పేరు, ఫోన్ నంబరు రాయండి. దిగాలనుకునే పెద్దలు ఊరి పేరు చెబితే పిల్లలు రాసుకుంటారు.